నర్సు ఉద్యోగానికి అరెకరం తాకట్టా?

మన హాస్టళ్ళలో చదివి నర్సింగ్‌లో చేరిన అక్కాచెల్లెళ్ళు ఎందరో. చదువు పూర్తికాగానే "గల్ఫ్ పంపిస్తాం, మూడు లక్షలు కట్టండి" అంటూ ఏజెంటు ఇంటికొస్తాడు. ఉన్న అరెకరం తాకట్టుకు పోతుంది. దీన్ని మేము ఒప్పుకోలేం.

రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటైనా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు ఇచ్చి తీరాలి. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. మరి 2015లో కొచ్చిలో ఏం జరిగింది? కువైట్ ఉద్యోగానికి 19,500 తీసుకోవలసిన ఏజెన్సీ 19.5 లక్షలు గుంజిందని సీబీఐ కేసు పెట్టింది. ఆ ఏడాదే కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సుల ఎంపిక ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని నిబంధన తెచ్చింది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓంక్యాప్ ఉన్నాయి. ఈ పేర్లు మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? ఏజెంటు ఇల్లు మాత్రం అందరికీ తెలుసు!

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే బి2 స్థాయి జర్మన్ నేర్వాలి. బ్రిటన్‌కైతే ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మనకు అడ్డు తెలివి కాదు, ఆ కోచింగ్ ఫీజు. తెలంగాణలో విదేశీ చదువులకు అంబేద్కర్ విద్యానిధి ఉంది. నర్సుల భాషా శిక్షణకూ అలాంటి సాయం ఎందుకు ఇవ్వకూడదు? గది వెతకనక్కరలేదు. ఆదివారం మధ్యాహ్నం మా స్టడీ హాలు ఖాళీగానే ఉంటుంది.