పెసర కొలతతో మామిడి తోటకు విలువ కట్టరాదు

సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్న సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. అందుకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఆ వైద్యుడు గణితంలోనూ పరిశోధన చేసిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక హద్దుకు దిగువగా తగ్గిస్తే చాలు, మలేరియా తనంతట తానే అంతరిస్తుందని రాస్ లెక్క కట్టి చూపాడు. జబ్బులు జనంలో పాకే తీరుకు సంభావ్యత గణితాన్ని అన్వయిస్తూ 1916లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. 1917లో హిల్డా హడ్సన్ అనే గణితవేత్తతో కలిసి దానిని కొనసాగించాడు. ఆ బాటలోనే కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు 1927లో అదే పత్రికలో అంటువ్యాధుల సిద్ధాంతాన్ని ప్రకటించారు. 2020లో కరోనా వ్యాప్తిని అంచనా వేసిన అనేక లెక్కలకు అదే పునాది.

నేడు పరిశోధన పత్రికల విలువ కట్టే తీరు వేరు. గత రెండేళ్లలో పత్రికలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కించి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. 100 వ్యాసాలను 200 సార్లు ఉదహరిస్తే విలువ 2. దీనినే ‘ఇంపాక్ట్ ఫాక్టర్’ అంటున్నారు. ఈ లెక్కన రాస్ వ్యాసాలకు 1927లో దక్కిన గుర్తింపు కొలతకే రాదు.

తెలుగువాడైన సి.ఆర్. రావు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో రాసిన వ్యాసాన్ని ప్రధానంగా పేర్కొంటూ అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించింది 2023లో. అంటే 78 ఏళ్లకు!

పెసర రెండు నెలలు దాటగానే చేతికి వస్తుంది. మామిడికి ఏళ్లు పడుతుంది. వైద్యశాస్త్రంలో వ్యాసాల ఉదహరింపు వేగంగా సాగుతుంది. గణితంలో ఒక నిరూపణను సరిచూడడానికే నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లు పట్టవచ్చు. రెంటికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు.

పల్లె నుంచి వెళ్లి గణితంలో పరిశోధన చేసే యువకుడికి ఉద్యోగం ఇవ్వడానికి ఈ అంకెనే చూస్తే, అతడు కష్టమైన సమస్యను వదిలి త్వరగా పేరు తెచ్చే విషయం వెతుక్కుంటాడు. నష్టం అతడొక్కడిదే కాదు. రేపు మరో జబ్బు వచ్చినప్పుడు లెక్క కట్టేవారు కరువవుతారు.

నియామకాలకు, ప్రమోషన్లకు ఈ అంకెను వాడరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన పత్రికా సంపాదకులు, ప్రచురణకర్తలే తీర్మానించారు. మన విశ్వవిద్యాలయాల ఎంపిక సంఘాలు కూడా అంకెను పక్కనపెట్టి వ్యాసాన్ని చదవాలి. తమకు అర్థం కాకపోతే అర్థమయ్యేవారిని పిలిపించి చదివించాలి.