కొనేవాళ్లు చూపిన దారి

సంపాదకులకు,

జపాన్ కంపెనీలు ముందే పక్కా వ్యూహం గీసుకుని మార్కెట్లు పట్టేశాయన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 1959లో హోండా మనుషులు లాస్ ఏంజిలిస్‌లో దిగింది 250, 305 సీసీ పెద్ద బళ్లు అమ్ముదామనే. అమెరికా దూరాలకు, వేగానికి అవి తట్టుకోలేదు. ఆయిల్ కారింది, క్లచ్‌లు పోయాయి. ఈలోగా సొంత పనులకు వాళ్లు వేసుకు తిరిగే 50 సీసీ సూపర్ కబ్ మీద జనం కన్ను పడింది. చిన్న బండి అమ్మితే పరువు తక్కువేమోనని మొదట జంకారు. పెద్దవి మొరాయించాక అదే అమ్మారు. ఆ హోండా అధికారులనే కలిసి అడిగి మేనేజ్‌మెంట్ పరిశోధకుడు రిచర్డ్ పాస్కల్ 1984లో ఇదంతా రాశారు. చవకగా తయారుచేయడం హోండా బలం కాదనను. ఏ బండి అమ్మాలో చెప్పింది మాత్రం కొనేవాళ్లే. మీ వ్యాసంలో ఆ ముక్క లేకపోవడం నాకు బాధ కలిగించింది.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం