సరిహద్దు రాయి ఎవరి చేతిలో ఉంది?

పొరుగువాని సరిహద్దు రాయి జరపకూడదని ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం హెచ్చరిస్తోంది. పొలం గట్టుకే కాదు, ఓటు గట్టుకూ ఆ మాట వర్తిస్తుంది.

మా యలహంకతో సహా బెంగళూరులో జరిగింది చూడండి. బీబీఎంపీలోని 198 వార్డులను 2022లో బీజేపీ ప్రభుత్వం 243 చేసింది. 2023లో కాంగ్రెస్ ప్రభుత్వం 225కు తగ్గించింది. 2025లో నగరాన్నే ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. పాత కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులోనే ముగిసింది. 2025లోనూ ఎన్నిక జరగలేదు. ఐదేళ్లకోసారి ఎన్నిక జరపాలన్న రాజ్యాంగ అధికరణం 243-యు కాగితానికే పరిమితమైంది. మోరీ పొంగితే పేదవాడు ఎవరి తలుపు తట్టాలి?

శాసనసభ నియోజకవర్గాల గీతలకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన కమిషన్ ఉంటుంది. వార్డుల గీతలకు మాత్రం అధికారంలో ఉన్న ప్రభుత్వమే దిక్కు. పిల్లులకు రొట్టె పంచిన కోతి కథే ఇది! ఆ కోతి ఏ పార్టీదైనా నాకు అభ్యంతరమే.

వార్డుల విభజనను స్వతంత్ర కమిషన్‌కు అప్పగించాలి. విభజన సాకుతో ఎన్నిక వాయిదా వేయకూడదు. యువతీయువకులారా, ముసాయిదా వచ్చిన వారమే ఆరాధన ముగిశాక మ్యాపు తెరవండి. మీ వీధి ఎటు పడిందో, పక్కనున్న దళితవాడను ఎందుకు రెండుగా చీల్చారో అడగండి. గడువులోగా అభ్యంతరం రాసివ్వండి. రాయి జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం భక్తి కాదు.