కెమెరా ముందు ఉపన్యాసం కోర్సు కాదు

తరగతి గదిలో చెప్పే ఉపన్యాసాన్ని చిత్రీకరించి ఇంటర్నెట్‌లో ఉంచితే ఆన్‌లైన్ కోర్సు తయారైనట్టేనన్న భావన మన ఉన్నత విద్యాసంస్థల్లో బలంగా పాతుకుపోయింది. ప్రజాధనంతో నడిచే కోర్సుల విషయంలో ఈ ధోరణిని ఇక సహించరాదు. 2017 జూలై 9న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ వేదిక ప్రతి కోర్సుకూ వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, సందేహాలు తీర్చే చర్చా వేదిక, మూల్యాంకనం అనే నాలుగు అంగాలను నిర్దేశించింది. నియమం మంచిదే అయినా, శ్రమంతా మొదటి అంగానికే వెచ్చించి మిగిలిన మూడింటినీ చివర్లో హడావిడిగా అతికించిన కోర్సులు తక్కువేమీ కాదు. 2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివే వీలు కల్పించాయి కనుక, ఈ లోపం నేరుగా విద్యార్థి డిగ్రీలోకే వచ్చి చేరుతున్నది.

కొరవడినది బోధన రూపకల్పన. విద్యార్థి పాఠం ముగిసేసరికి ఏం చేయగలగాలో ముందుగా నిర్ణయించి, అది చేయగలిగాడో లేదో తేల్చే పరీక్షను ఆ వెంటనే తయారుచేసి, ఆ తరువాతే పాఠాన్ని అల్లే విద్య ఇది. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశల పద్ధతి 1970ల మధ్యలోనే ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో అమెరికా సైన్య శిక్షణ కోసం రూపుదిద్దుకున్నది.

బీకాం విద్యార్థులు చదివే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికనే తీసుకుంటే తేడా స్పష్టమవుతుంది. నలభై నిమిషాల వీడియోలో అధ్యాపకుడు నిర్వచనం చదివి, కారణాల జాబితా చూపించి, చివర నిర్వచనాన్నే ప్రశ్నగా అడగడం ఒక పద్ధతి. నగదు పుస్తకంలో నిల్వ రూ.20,000 ఉండగా పాస్‌బుక్‌లో రూ.17,850 మాత్రమే ఎందుకున్నదో కనిపెట్టమని విద్యార్థి ముందు రెండు పుటలు పెట్టడం మరొక పద్ధతి. జారీ చేసినా బ్యాంకుకు చేరని రూ.3,000 చెక్కును కలపాలి. జమ చేసినా వసూలు కాని రూ.5,000 చెక్కును, బ్యాంకు వేసుకున్న రూ.150 ఛార్జీలను తీసివేయాలి. మొదటి చెక్కును కలపడానికి బదులు తీసివేసిన విద్యార్థికి రూ.11,850 వస్తుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారని ముందే ఊహించిన రూపకర్త, ఆ అంకె తెరపై పడగానే, ‘చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదు, కాబట్టి బ్యాంకు లెక్కలో ఆ డబ్బు ఉన్నట్టే’ అని వివరణ వచ్చేలా ఏర్పాటు చేస్తాడు. ఎదురుగా లేని గురువు చేయవలసిన పని ఇదే, అతి కష్టమైన పనీ ఇదే.

ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనం, ఆరు నిమిషాల లోపు వీడియోలే విద్యార్థులను ఎక్కువగా నిలుపుకుంటున్నాయని తేల్చింది. అయితే పాత ఉపన్యాసాన్ని ముక్కలుగా కోసినంత మాత్రాన చదువు రాదు. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకునే ప్రయత్నమే వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం మిగులుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రయోగాత్మకంగా చూపించారు. హార్వర్డ్, ఎంఐటీ సంస్థల ఉచిత కోర్సుల్లోనే 2017-18లో చేరినవారిలో పూర్తిచేసినవారు సుమారు 3 శాతమని 2019లో సైన్స్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ తెలిపింది; పెద్ద పేరు ఒక్కటే విద్యార్థిని చివరిదాకా నిలబెట్టదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది. పాఠం మొదట లక్ష్యాలు, మధ్యలో స్వీయ పరీక్ష ప్రశ్నలు ఉంచే దూరవిద్య సంప్రదాయం తెలుగు నేలకు కొత్త కాదు. ఆ క్రమశిక్షణను అచ్చుపుస్తకం నుంచి తెరమీదికి తేకపోవడమే తప్పు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇంగ్లిష్ వీడియో కింద తెలుగు అక్షరాలు జోడించి చేతులు దులుపుకోవడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే అతనికి ఉదాహరణలూ అభ్యాసాలూ కూడా తన భాషలోనే కావాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ప్రతి విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందిన బోధన రూపకర్తలను నియమించాలి. కోర్సు తయారుచేసే అధ్యాపకుడికి ఆ మేరకు తరగతుల భారం తగ్గించాలి. కొందరు విద్యార్థుల చేత ముందుగా చదివించి, వారు తడబడిన చోట్ల సరిదిద్దని ఏ కోర్సుకూ క్రెడిట్లు ఇవ్వరాదు.