వాక్యూమ్ క్లీనర్ గుంజట్లేదా? ముందు కత్తెర తీసుకోండి

అనంతగిరి అనగానే అరకు దారిలో కాఫీ తోటలున్నదో, వికారాబాద్ దగ్గర గుట్టలున్నదో అనుకుంటారు అందరూ. మాది అవి రెండూ కాదు, కోదాడ పక్కది. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు మండలమైంది. హైదరాబాదులో ఎవరికైనా ఊరు పేరు చెప్తే, ఆ తర్వాత ఐదు నిమిషాలు ఈ వివరణకే పోతుంది. :)

ఇంతకీ విషయమేంటంటే, మా వైపు నాకు తెలిసిన నాలుగైదు ఇళ్ళలో వాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి. నిలువుగా, పొడుగు హ్యాండిల్ తో, కింద గుండ్రంగా తిరిగే బ్రష్ తో ఉండేవి, అంటే అప్‌రైట్ రకం. ఒకటో రెండో అమెరికా నుంచి కంటైనర్లో సామానుతో పాటు వచ్చాయి, మిగతావి ఇక్కడ కొన్నవే. అన్నింటిదీ ఒకటే కథ. కొడుకో కూతురో కొనిచ్చారు. మొదటి ఆరునెలలు ఇల్లు అద్దంలా ఉంది. తర్వాత "ఇది గుంజట్లేదురా" అని ఫోనొచ్చింది. "సరేలే, ఈసారి వచ్చినప్పుడు చూస్తా" అన్నారు. అది అటకెక్కింది, చీపురు దిగింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. వీటిలో చాలావరకు చెడిపోయిన మిషన్లు కావు, ఊపిరాడని మిషన్లు. తప్పు వాడే అమ్మలది కాదు. కొనిచ్చినవాళ్ళు డబ్బా విప్పి, స్విచ్చెక్కడుందో చూపించి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. లోపల ఏముందో, దాన్ని ఎప్పుడు విప్పి శుభ్రం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మాన్యువల్ ఏమో ఇంగ్లీషులో ఉంటుంది.

ఇదేమంత పెద్ద విషయమా అంటారేమో. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఊళ్ళలో కోతల సీజన్లో ఒక వారం ఉండి చూడండి. హార్వెస్టర్ లేపే నుసి తలుపులేసుకున్నా ఇంట్లోకొస్తుంది. చీపురుతో ఊడిస్తే ఆ నుసి కింద నుంచి లేచి గాల్లో తిరిగి, ఊడ్చేవాళ్ళ ముక్కులోకే పోతుంది. ఆయాసం ఉన్న మనిషి రోజూ రెండుపూటలా నడుం వంచి ఊడవడమంటే అది పని కాదు, జబ్బుని పిలిచి కూర్చోబెట్టుకోవడం.

అన్నట్టు, ఈ అప్‌రైట్ వాక్యూమ్ పుట్టిందే అలాంటి మనిషి చేతిలో. జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అని, అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్ళో ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకి ఆస్తమా. ఊడ్చిన ప్రతిసారీ లేచే దుమ్ముకి తట్టుకోలేక 1907లో ఒక ఫ్యాన్ మోటారుకి చీపురు కర్ర, దిండు గలీబు తగిలించి తనకోసం ఒక మిషన్ చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులు కొన్నాయన ఇంటిపేరే హూవర్. ఇంగ్లండులో ఇప్పటికీ ఇల్లు వాక్యూమ్ చెయ్యడాన్ని 'హూవర్ చెయ్యడం' అంటారు, మనం ఫొటోస్టాట్ ని జిరాక్స్ అన్నట్టు. స్పాంగ్లర్ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

సరే, అసలు విషయానికొద్దాం. వాక్యూమ్ క్లీనర్ దుమ్ముని గుంజదు, గాలిని గుంజుతుంది. ఆ గాలి వెంట దుమ్ము వస్తుంది. బ్రష్ దగ్గర మొదలై గొట్టం, సంచి లేదా డబ్బా, ఫిల్టరు, మోటారు దాటి బయటికి పోయేదాకా ఆ గాలిది ఒకటే దారి. ఎక్కడ అడ్డుపడినా మొత్తం ఆగుతుంది. మా ఆఫీసులో పైప్‌లైన్ నెమ్మదిగా నడుస్తుంటే ముందు సర్వర్ మార్చరు కదా, ఎక్కడ ఇరుక్కుందో చూస్తారు. ఇదీ అంతే. 'పవర్ తక్కువైంది, ఎక్కువ వాట్లది కొందాం' అనుకోవడం సర్వర్ మార్చడం లాంటిది. యూరోపియన్ యూనియన్ 2014లో వాక్యూమ్ క్లీనర్లకి 1600 వాట్ల పరిమితి పెట్టింది, 2017లో దాన్ని 900కి దించింది. అక్కడి ఇళ్ళేమీ దుమ్ముకొట్టుకుపోలేదు. వాట్లంటే మిషన్ తినే కరెంటు, చేసే పని కాదు.

ముందు ప్లగ్గు తీసెయ్యండి. ఆఫ్ చేస్తే చాలదు, తీసెయ్యాలి. తర్వాత మిషన్ని వెల్లకిలా పడుకోబెట్టి బ్రష్ చూడండి. మన ఇళ్ళలో నూటికి తొంభైసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది. అమెరికా వాళ్ళు రాసిన సలహాల్లో కుక్క వెంట్రుకల గురించి ఉంటుంది. మన దగ్గర కొబ్బరినూనె రాసిన జానెడు జానెడు వెంట్రుకలు, మల్లెదండ దారం, చీర అంచు నుంచి ఊడిన జరీ పోగు. ఇవన్నీ రోలరుకి చుట్టుకుని, పైన నూనెజిడ్డుకి దుమ్ము పట్టి, తాడు పేనినట్టు బిగుసుకుంటాయి. చేత్తో లాగితే రావు. కత్తెర తీసుకుని రోలరు పొడవునా, కుచ్చుల వరసకి పక్కగా కోసి, పాయలు పాయలుగా తియ్యాలి. రెండు చివర్లా బేరింగుల దగ్గర చుట్టుకున్నది కూడా తియ్యడం మర్చిపోవద్దు, ఎక్కువ బాధపెట్టేది అదే. పదిహేను రోజులకోసారి ఈ పనొక్కటి చేస్తే సగం మిషన్లు అటకెక్కవు.

రోలరు శుభ్రంగా ఉన్నా తిరగకపోతే బెల్టు. మోటారు చప్పుడు వస్తుంది కానీ బ్రష్ కదలదు, ఒక్కోసారి రబ్బరు కాలిన వాసన. చాలా మోడళ్ళలో ఇది మామూలు రబ్బరు బెల్టు, తెగకపోయినా సాగిపోతుంది. సాగిన బెల్టు చూడ్డానికి బాగానే ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించరు.

ఫిల్టరు సంగతి. కడగొచ్చని రాసి ఉన్నవే కడగాలి. కడిగాక నీడలో ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి, డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో కాదు. తడి ఫిల్టరు పెట్టి నడిపితే నుసి ముద్దలా అంటుకుని ఇల్లంతా ముక్కవాసన. రెండు ఫిల్టర్లు కొనుక్కుంటే ఒకటి ఆరుతుండగా ఇంకోటి వాడుకోవచ్చు. హెపా అని రాసి ఉంటే 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం ఆపాలని లెక్క. ఆయాసం ఉన్నవాళ్ళింట్లో దానికి పెట్టే డబ్బు దండగ కాదు. సంచి ఉన్న మోడలైతే మూడింట రెండొంతులు నిండగానే మార్చెయ్యాలి. పూర్తిగా నిండనిచ్చి పొదుపు చేశామనుకుంటే గాలికి దారుండదు. గొట్టంలో రూపాయి బిళ్ళ వేస్తే అవతల పడాలి, పడకపోతే ఏదో ఇరుక్కున్నట్టే.

ఇంకోటి. నడుస్తూ నడుస్తూ మిషన్ ఠక్కున ఆగిపోతే కాలిపోయిందనుకోకండి. చాలావాటిలో మోటారు వేడెక్కితే దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. అడ్డు తీసేసి గంటసేపు చల్లారనిస్తే మళ్ళీ లేస్తుంది.

సంచి లేని మిషన్లలో దుమ్ము ఎలా ఆగుతుందో తెలుసుకోవాలంటే మిర్యాలగూడ వెళ్తే చాలు. రైసు మిల్లుల మీద పెద్ద గరాటులాంటి రేకు డబ్బాలు కనపడతాయి కదా, వాటిని సైక్లోన్ అంటారు. గాలి లోపల గిర్రున సుడి తిరుగుతుంది, బరువున్న నుసి అంచుకి కొట్టుకుని కిందికి జారుతుంది, గాలి పైనుంచి పోతుంది. ఇంగ్లండులో జేమ్స్ డైసన్ అనే ఆయన రంపపు మిల్లు మీద అలాంటిదే చూసి, దాన్ని చిన్నది చేసి ఇంట్లో మిషన్లో పెట్టాలనుకుని 5,127 నమూనాలు చేశాడట. ఆయన కంపెనీ పేరుతో మొదటి మిషన్ 1993లో వచ్చింది. మన వాళ్ళు ఆ గరాటుల కిందే బతుకుతూ, ఇంట్లో డబ్బా విప్పడానికి భయపడుతున్నారు. అయితే సైక్లోన్ కి కూడా మరీ మెత్తటి పొడి పూర్తిగా ఆగదు, ఫిల్టరు దాకా వెళ్తుంది. అందుకే ముగ్గుపిండి, విభూతి, అగరొత్తుల బూడిద, ఇంట్లో మేస్త్రీ పని జరిగాక మిగిలిన సిమెంటు, ఇవి గుంజితే ఫిల్టరు ఆ పూటకే మూసుకుపోతుంది. వాటికి తడిగుడ్డే గతి. మిరపకాయలు తొడిమలు తీసిన చోట మాత్రం అస్సలు పెట్టకండి, వెనక నుంచి వచ్చే గాలికి వీధి వీధంతా తుమ్ముతుంది.

అసలు అప్‌రైట్ రకం కార్పెట్ కోసం చేసింది. బ్రష్ దులుపుతుంది, గాలి లాక్కెళ్తుంది. మన నాపరాళ్ళ మీద, టైల్స్ మీద అదే బ్రష్ బియ్యపు గింజల్ని వెనక్కి మన కాళ్ళకేసి కొడుతుంది. బ్రష్ ఆపే స్విచ్చు ఉంటే గచ్చు మీద ఆపెయ్యాలి. లేకపోతే మన ఇళ్ళకి ఆ మోడల్ కొనకపోవడమే మంచిది. కార్పెట్టో తివాచీయో ఉంటే బ్రష్ ఎత్తు అన్నిటికన్నా పైన పెట్టి మొదలుపెట్టి, కొద్దిగా ముందుకి లాగుతున్నట్టు అనిపించేదాకా దించండి. మరీ దించితే బ్రష్ బిగుసుకుని బెల్టు పోతుంది. తోసేటప్పుడు కూడా నెమ్మది, వెనక్కి లాక్కునేటప్పుడు ఇంకా నెమ్మది. ఊడ్చిన వేగంతో తోస్తే లోపల మిగిలిందంతా అలాగే ఉంటుంది.

అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. పన్నెండు ఆంపియర్ల మిషన్ అంటే 1440 వాట్లు. దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ గది గదికీ ఈడ్చుకు తిరగడం కన్నా చీపురే సుఖం. అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి.

కొనిస్తే దాంతోపాటు రెండు బెల్టులు, ఒక ఫిల్టరు కూడా కొనివ్వండి. అమ్మతో ఒకసారి బ్రష్ విప్పించండి, మీరు విప్పి చూపించడం కాదు, ఆవిడ చేతే. సెల్‌ఫోన్లో వీడియో కాల్ నేర్చుకున్న మనిషికి రెండు క్లిప్పులు ఊడదియ్యడం రాదా?

పోయిన పండక్కి ఊరెళ్ళినప్పుడు అటకల మీదున్న మూడింటిని దించి చూశాను. రెండు కత్తెరతోనే లేచాయి. మూడోదానికి బెల్టు కావాలి, కోదాడలో అడిగితే ఆ సైజు ఎవరి దగ్గరా లేదు. ఒక షాపాయన కుట్టుమిషన్ బెల్టు కోసి అతికిస్తా, నడుస్తుంది అన్నాడు. వద్దని ఆన్‌లైన్లో తెప్పించా. తొమ్మిది రోజులు పట్టింది.