తొలిదెబ్బ లెక్కలు

ముందు కొట్టినవాడిదే గెలుపన్న నమ్మకం యుద్ధ వ్యూహకర్తలను ఏ కాలంలోనూ వదల్లేదు. శత్రువు కళ్లు తెరిచేలోగా అతని నౌకాదళాన్ని రేవులోనే ముంచేస్తే చాలు, వెన్ను విరిగి సంధికి వస్తాడన్నది వాళ్ల అంచనా. 1941 డిసెంబర్ 7న హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ మీద జపాన్ ఈ అంచనాతోనే విరుచుకుపడింది. ఎనభై ఏళ్లు దాటిపోయినా, సముద్రాల మీద పట్టు కోసం పెనుగులాడుతున్న దేశాల్లో ముందస్తు దాడిని సమర్థించే గొంతులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ఆ వాదాన్ని మేం పూర్తిగా వ్యతిరేకిస్తున్నాం. చెప్పకుండా కొట్టడం అధర్మం. చివరికి కొట్టినవాడి కొంపనే ముంచే అవివేకం కూడా. పెర్ల్ హార్బర్ ఉదంతాన్ని ముందూ వెనకా కలిపి చూస్తే ఇందులో అనుమానానికి చోటుండదు.

ఆనాటి అమెరికాకు యుద్ధమంటే ఎంత విముఖతో ఇవాళ్టి అమెరికాను చూస్తున్నవారికి నమ్మబుద్ధి కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షా 16 వేల మందిని పోగొట్టుకున్న ఆ దేశం, పరాయి ఖండాల తగాదాల్లో మళ్లీ తలదూర్చకూడదని గట్టిగా అనుకుంది. 1935 నుంచి వరుసగా తటస్థతా చట్టాలు చేసుకుంది. 1937 డిసెంబర్‌లో చైనాలోని యాంగ్జీ నదిలో పనాయ్ అనే అమెరికా గస్తీ నౌకను జపాన్ విమానాలు ముంచేశాయి. జపాన్ క్షమాపణ చెప్పి, 22 లక్షల డాలర్ల పరిహారం కట్టింది. అమెరికా అంతటితో ఊరుకుంది. నెల తిరిగేసరికి ఆ దేశ ప్రతినిధుల సభలో అసాధారణమైన ఒక ప్రతిపాదన మీద ఓటింగు జరిగింది. ఇండియానా సభ్యుడు లూయిస్ లడ్లో తెచ్చిన ఆ రాజ్యాంగ సవరణ ప్రకారం, దేశం మీద నేరుగా దాడి జరిగితే తప్ప, ప్రజలందరి ఓటూ అడగకుండా యుద్ధానికి దిగడానికి వీల్లేదు. దాన్ని చర్చకు తీసుకోవాలన్న తీర్మానానికి 188 మంది అనుకూలంగా, 209 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మరో 11 మంది మనసు మార్చుకుని ఉంటే అది చర్చకు వచ్చేదే.

1941 నాటికీ ఆ మనసు పెద్దగా మారలేదు. హిట్లర్ ఐరోపాను మింగేస్తున్నా, ఆగస్టు 12న నిర్బంధ సైనిక సేవను పొడిగించే బిల్లు ప్రతినిధుల సభలో 203–202తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. యుద్ధం వద్దని ఉద్యమించిన అమెరికా ఫస్ట్ కమిటీలో దాదాపు 8 లక్షల మంది సభ్యులుండేవారు. అట్లాంటిక్ మహాసముద్రంలో అప్పటికే నెత్తురు పారుతోంది. సెప్టెంబర్‌లో గ్రీర్ అనే అమెరికా డిస్ట్రాయర్ మీద జర్మన్ జలాంతర్గామి టార్పెడోలు వేసింది. అక్టోబర్‌లో కియర్నీ అనే మరో డిస్ట్రాయర్ దెబ్బతింది. అదే నెల చివరి రోజున రూబెన్ జేమ్స్ అనే డిస్ట్రాయర్ నిట్టనిలువునా మునిగి వందమందికి పైగా నావికులు చనిపోయారు. అప్పుడూ అమెరికా యుద్ధం ప్రకటించలేదు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ బ్రిటన్‌కు అన్ని విధాలా సాయపడాలని ఆరాటపడుతున్నా, యుద్ధ తీర్మానం పెడితే కాంగ్రెస్‌లో నెగ్గుతుందన్న ధీమా ఆయనకు లేదు. అధ్యక్షుడు తలచుకున్నా, సొంత నావికులు జలసమాధి అయినా చలించని ఆ విముఖత పసిఫిక్‌లో జపాన్‌కు దొరికిన అతిపెద్ద రక్షణ. ఎన్ని యుద్ధనౌకలు కట్టినా అంత రక్షణ వచ్చేది కాదు. టోక్యో పాలకులకు ఈ సంగతి తలకెక్కలేదు.

వాళ్ల ఇబ్బంది చమురు. 1937 నుంచి చైనాను ఆక్రమిస్తూ వచ్చిన జపాన్, 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలోకీ సేనల్ని దించింది. దానికి బదులుగా అమెరికా జపాన్ ఆస్తుల్ని స్తంభింపజేసి, చమురు ఎగుమతి ఆపేసింది. జపాన్ దిగుమతి చేసుకునే చమురులో సుమారు 80 శాతం అమెరికాదే. నిల్వలు కరిగిపోతున్నాయి. చైనా నుంచి వెనక్కి రావడమా, డచ్చివారి ఈస్టిండీస్ చమురు బావుల్ని లాక్కోవడమా అన్న ప్రశ్న ఎదురైంది. మొదటిది పరువుతక్కువ అనుకున్నారు. రెండోదానికి అమెరికా నౌకాదళం అడ్డొస్తుందన్న భయంతో ముందుగా దాన్నే దెబ్బతీయాలని నిశ్చయించారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. బ్రిటిష్, డచ్ వలసల మీదికి మాత్రమే వెళ్లి, అమెరికా జెండా జోలికి పోకుండా ఉంటే, ఎవరి వలస సామ్రాజ్యాన్నో కాపాడటానికి అయోవా రైతు బిడ్డను యుద్ధానికి పంపమని రూజ్వెల్ట్ కాంగ్రెస్‌ను ఒప్పించగలిగేవాడా? చాలా కష్టమయ్యేదని మా అభిప్రాయం.

విషాదమేమిటంటే, ఈ దాడికి పథకం వేసిన అడ్మిరల్ యమమోతో ఇసోరోకుకు అమెరికా గురించి బాగా తెలుసు. హార్వర్డ్‌లో చదువుకున్నాడు, వాషింగ్టన్‌లో నౌకాదళ ప్రతినిధిగా పనిచేశాడు. అక్కడి కర్మాగారాల సత్తా కళ్లారా చూసినవాడు. అమెరికాతో యుద్ధం వద్దని వాదించినవాడు. ఆరు నెలలో, ఏడాదో తన ప్రతాపం చూపించగలనని, ఆపైన ఏమవుతుందో చెప్పలేనని ప్రధాని కొనోయెకు ముందే చెప్పాడు. అన్నీ తెలిసి, పాలకులు యుద్ధానికే మొగ్గాక, ఒక్క దెబ్బతో అమెరికన్ల మనోధైర్యం చెదిరిపోతుందన్న ఆశను పట్టుకుని వేలాడాడు. తెలివైన సేనాని తప్పుడు విధానానికి తన తెలివినంతా ధారపోస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రాయబారాలు నడుస్తుండగానే నౌకలు కదిలాయి. నవంబర్ 26న కురిల్ దీవుల్లోని హితోకప్పు అఖాతం నుంచి వైస్ అడ్మిరల్ నగుమో నాయకత్వంలో ఆరు విమానవాహక నౌకలు రేడియోలు మూసుకుని బయల్దేరాయి. వాషింగ్టన్‌లో జపాన్ రాయబారులు నొమురా, కురుసు మాత్రం చర్చలు సాగిస్తూనే ఉన్నారు. చర్చలు ముగిశాయని చెప్పే లేఖను వాళ్లు విదేశాంగ మంత్రి హల్ చేతిలో పెట్టేసరికి బాంబులు పడి గంట దాటింది. వేళకు అందినా అందులో యుద్ధ ప్రకటన లేదు. అటు అమెరికన్ల నిర్లక్ష్యమూ తక్కువది కాదు. నవంబర్ 27నే యుద్ధ హెచ్చరిక వెళ్లింది. దాడికి గంట ముందే వార్డ్ అనే డిస్ట్రాయర్ రేవు ముఖద్వారం దగ్గర ఒక బుల్లి జలాంతర్గామిని ముంచింది. ఒపానా రాడార్ తెర మీద విమానాల గుంపు కనిపించింది. అవి కాలిఫోర్నియా నుంచి రావలసిన తమ బాంబర్లేనని పైఅధికారి అనుకున్నాడు. ఆదివారం ఉదయం ఎనిమిది కాకముందే దాడి మొదలైంది. రెండు దఫాల్లో 353 విమానాలు వచ్చాయి. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు. వారిలో 1,177 మంది ఒక్క అరిజోనా యుద్ధనౌకలోనివారు. జపాన్ పోగొట్టుకున్నవి 29 విమానాలు, ఐదు బుల్లి జలాంతర్గాములు.

టోక్యోలో సంబరాలు జరిగాయి. మహాభారతం చదివినవాళ్లకు ఇక్కడ సౌప్తిక పర్వం గుర్తుకురాక మానదు. అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి నిద్రపోతున్నవాళ్లను చంపాడు. పాండవులు ఆ రాత్రి శిబిరంలో లేరు. పెర్ల్ హార్బర్‌లోనూ అంతే. పసిఫిక్‌లోని అమెరికా విమానవాహక నౌకలు మూడింటిలో ఒక్కటీ ఆ ఉదయం రేవులో లేదు. ఎంటర్‌ప్రైజ్, లెక్సింగ్టన్ సముద్రం మీద ఉన్నాయి, సారటోగా శాన్ డియాగోలో ఉంది. చమురు ట్యాంకులు, మరమ్మతు యార్డులు, జలాంతర్గాముల స్థావరం చెక్కుచెదరలేదు. దెబ్బతిన్న ఎనిమిది యుద్ధనౌకల్లో ఆరింటిని ఆ యార్డులే బాగుచేసే పనికి ఎత్తుకున్నాయి. అవి మళ్లీ యుద్ధంలోకి వచ్చాయి. ఆ స్థావరం నుంచి వెళ్లిన జలాంతర్గాములు తర్వాతి మూడున్నరేళ్లలో జపాన్ సరకు నౌకల్ని వేటాడి, ఏ చమురు కోసం యుద్ధం మొదలైందో ఆ చమురు జపాన్ తీరం చేరకుండా చేశాయి.

ఆ ఉదయం నిజంగా మునిగిపోయింది అమెరికన్ల విముఖతే. మర్నాడు రూజ్వెల్ట్ యుద్ధ ప్రకటన కోరుతూ కొద్ది నిమిషాలు మాట్లాడాడు. తీర్మానం సెనేట్‌లో 82–0తో, ప్రతినిధుల సభలో 388–1తో నెగ్గింది. నాలుగు నెలల కిందట ఒక్క ఓటు తేడాతో చీలిపోయిన సభ ఇదే. అమెరికా ఫస్ట్ కమిటీ నాలుగైదు రోజుల్లో దుకాణం మూసేసింది. ‘నేరుగా దాడి జరిగితే తప్ప’ అని యుద్ధ వ్యతిరేకులు పెట్టుకున్న ఒకే ఒక్క మినహాయింపును జపాన్ వెతికి మరీ నిజం చేసింది. ఆరు నెలలు గడిచాక, 1942 జూన్ మొదటి వారంలో, మిడ్‌వే దగ్గర అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ మునిగాయి. పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లిన ఆరు విమానవాహక నౌకల్లో నాలుగు ఇవే. మిగిలిన రెండూ 1944లో పోయాయి. యమమోతో చెప్పిన గడువు అక్షరాలా నిజమైంది.

దొంగదెబ్బ తిన్న జాతి ఆగ్రహానికి హద్దులుండవన్నది మరో చేదు నిజం. దాడి జరిగిన రోజే, ఎదురైన జపాన్ నౌకనల్లా ముంచెయ్యమని అమెరికా జలాంతర్గాములకు ఆదేశాలు వెళ్లాయి. 1942 ఫిబ్రవరిలో రూజ్వెల్ట్ సంతకంతో సుమారు లక్షా 20 వేల మంది జపాన్ సంతతివారిని ముళ్లకంచెల వెనక పెట్టారు. వారిలో ఎక్కువమంది పుట్టుకతోనే అమెరికా పౌరులు. ఆ తప్పుకు క్షమాపణ చెప్పడానికి 1988 దాకా పట్టింది. 1945 మార్చిలో ఒక్క రాత్రి టోక్యో మీద కురిసిన నిప్పుల వానలో దాదాపు లక్షమంది కాలిపోయారు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి. ఆ మారణహోమాన్ని పెర్ల్ హార్బర్ పేరు చెప్పి సమర్థించేవారితో మేం ఏకీభవించం. కానీ 1941లో ఆ పథకం మీద ముద్రలు వేసిన పెద్దలు, తమ ప్రజల్ని ఎలాంటి ప్రతీకారానికి ఒప్పజెబుతున్నారో ఒక్క క్షణమైనా ఆలోచించి ఉండవలసింది.

ఆ మంటలు మన గడప దాకా వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగులు తీశారు. ఆ యుద్ధంలోకి మనం ఎలా వెళ్లామో మరిచిపోకూడదు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క భారతీయ ప్రతినిధినీ సంప్రదించకుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. నిరసనగా మద్రాసులో రాజాజీ ప్రభుత్వంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. అమెరికన్‌ను అతని సభ అడిగింది. విశాఖ బెస్తవాణ్ని ఎవరూ అడగలేదు. బాంబు మాత్రం ఇద్దరి మీదా పడింది.

అందుకే మా వాదనకు రెండో భాగం ఉంది. దాడి జరిగితే విముఖత కరిగిపోతుందని పొరుగు దేశాల కంటే సొంత పాలకులకే బాగా తెలుసు. 1964 ఆగస్టు 2న టోంకిన్ అఖాతంలో అమెరికా నౌక మాడక్స్‌కూ ఉత్తర వియత్నాం పడవలకూ ఘర్షణ జరిగిన మాట నిజం. 4వ తేదీ రాత్రి మళ్లీ దాడి జరిగిందని చెప్పి అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం వియత్నాం మీద బాంబులు వేసింది. ఆ రెండో దాడి జరగనే లేదు. 7వ తేదీకల్లా సెనేట్ 88–2, ప్రతినిధుల సభ 416–0తో అధ్యక్షుడికి ఖాళీ చెక్కు రాసిచ్చాయి. ఎదురు నిలిచిన సెనేటర్లు వేన్ మోర్స్, అర్నెస్ట్ గ్రూనింగ్ 1968లో పదవులు పోగొట్టుకున్నారు. 1941లో ఒంటరిగా వ్యతిరేక ఓటేసిన జెన్నెట్ రాంకిన్‌తో మేం ఏకీభవించం. ఆ రోజు దాడి జరిగింది, ఆధారాలు పొగలు కక్కుతూ కళ్లెదుట ఉన్నాయి. అయినా ఆమె ఓటు వేసే హక్కు, ఆ ఓటు లెక్కలోకి రావడం ప్రజాస్వామ్యానికి అత్యవసరం. 1964లో అలాంటివాళ్లు ఇద్దరు కాక యాభైమంది ఉండి ఉంటే అమెరికన్లు 58 వేలమంది, వియత్నామీయులు లక్షల సంఖ్యలో బతికిపోయేవారు.

హిందూ మహాసముద్రంలో ఇవాళ ఎన్నో దేశాల యుద్ధనౌకలు తిరుగుతున్నాయి. ఏ రాత్రి ఏ నౌక మీద ఏ డ్రోన్ పడుతుందో, దాన్ని ఎవరు పంపారో తెలియడానికి వారాలు పట్టే రోజులివి. ఈ పరిస్థితుల్లో భారత్ మూడు విషయాల్లో గట్టిగా నిలబడాలి. తూర్పు నౌకాదళం కేంద్రమైన విశాఖలోనూ, పశ్చిమాన ముంబై, కార్వార్లలోనూ నిఘా ఒక్క ఆదివారం కూడా సడలకూడదు. 1971లో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ వాకిట్లోనే మునిగిందంటే, శత్రువు ఎంత దగ్గరికి రాగలడో కూడా అది చెబుతోంది. అణ్వాయుధాలను తొలుత ప్రయోగించబోమని 2003లో ప్రకటించిన విధానాన్ని సడలించాలన్న ఒత్తిళ్లకు లొంగకూడదు. సముద్రం మీద కూడా తొలిదెబ్బ మనది కాకూడదు. ఇక మూడోది, యుద్ధానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం కావాలని మన రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. 1962లో చైనా దాడి చేసినప్పుడు, యుద్ధం నడుస్తుండగానే నెహ్రూ సభను సమావేశపరిచి విమర్శలన్నీ విన్నారు. ఆ సంప్రదాయాన్ని చట్టంగా మార్చాలి. మన నౌక మీద దాడి జరిగితే వెంటనే తిప్పికొట్టే అధికారం నౌకాదళానికి ఉండాల్సిందే. దాన్ని యుద్ధంగా విస్తరించాలనుకుంటే మాత్రం, దాడి ఎవరు చేశారో చెప్పే ఆధారాలను వారం రోజుల్లోగా ఉభయ సభల ముందు పెట్టి, ప్రతి సభ్యుడి పేరూ నమోదయ్యేలా ఓటింగు జరపాలి. వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే ఆ బిల్లు తేవాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం.