ఒక మంచము, రెండు నిద్రలు



కుటుంబ జీవితమును గురించిన ఈ పుటలో పరుపును గురించి వ్రాయడమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. కాని సింహాచలం, అడవివరం, గోపాలపట్నం ప్రాంతములలో మేము గృహ దర్శనములకు వెళ్లినప్పుడు, ప్రార్థన ముగిసి కాఫీ గ్లాసు చేతికి వచ్చిన తరువాత మెల్లగా బయటికి వచ్చే మాటలలో ఇదొకటి. "అయ్యగారూ, పరుపు మార్చుదామంటే మా ఇద్దరికీ కుదరడం లేదండి. ఆయనకు గట్టిది కావాలి, నాకు మెత్తనిది కావాలి" అంటారు. ఈ మాట వెనుక కొన్ని ఇళ్లలో నవ్వులాట ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి సరిలేని నిద్ర, విసుగు, ఎవరికీ చెప్పుకోని నడుము నొప్పి ఉంటాయి. అందుచేత ఈ నెల దీని గురించే ఆలోచిద్దాం.

మన పట్టణపు నిద్ర

మన విశాఖపట్నం రాత్రిపూట కూడా పని చేసే పట్టణము. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైంది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లు పెట్టుకున్నాము గాని, బ్లాస్ట్ ఫర్నేసు అనేది రాత్రి ఆర్పి తెల్లవారి రాజేసుకునే పొయ్యి కాదు. ఓడ వచ్చినా, గూడ్సు బండి వచ్చినా రాత్రి అని ఆగవు. అందుకే మన సంఘములలో షిఫ్టులు లేని కుటుంబము అరుదు.

సి షిఫ్టు ముగించుకుని భర్త ఇంటికి వచ్చేసరికి పిల్లలు బడికి బయలుదేరుతుంటారు. వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తుంది. కిటికీలోంచి ఎండ ముఖము మీద పడుతుంది. మన శరీరంలో దేవుడు ఉంచిన గడియారము వెలుతురును బట్టి నడుస్తుంది గనుక, పగటి నిద్ర రాత్రి నిద్ర అంత లోతుగా ఉండదు, అంతసేపు సాగదు. భార్య నిద్ర లేచేది తెల్లవారుజామున అయిదింటికి. నలభై అయిదు దాటిన తరువాత ఆమెకు ఒంట్లో ఆవిర్లు, చెమటలు మొదలై రాత్రి రెండు మూడు సార్లు మెలకువ వస్తుంది. ఆయన బరువు ఎక్కువ, ఆమె బరువు తక్కువ. ఆయన వెల్లకిల పడుకుంటాడు, ఆమె ప్రక్కకు తిరిగి పడుకుంటుంది. ఇంత వేరుగా ఉన్న ఇద్దరికి ఒకే పరుపు ఒకేలా సరిపోవాలనుకోవడం న్యాయమా?

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు మన పెద్దలు. పొలములో పగలంతా కష్టపడిన పడుచువానికి అది నిజమే. నడుము పట్టేసిన యాభై ఏళ్ల మనిషికి మాత్రం నిద్ర సుఖమును ఎరుగును. నిద్ర చాలనివాడు వేడి ఇనుము దగ్గర, క్రేను మీద, లారీ చక్రము ముందు పని చేయవలసి వస్తే అది ఒక్కరి సమస్య కాదు. నిద్ర చాలని తల్లి కోపము ముందుగా పిల్లల మీదనే పడుతుంది. కనుక ఇది విలాసపు మాట కాదు.

వాక్యములోని పడకలు

పరిశుద్ధ గ్రంథములో పడకలు చాలానే ఉన్నాయి. బాషాను రాజైన ఓగుకు ఇనుప మంచము ఉండెనని ద్వితీయోపదేశకాండము 3వ అధ్యాయము చెబుతుంది. ఉక్కు నగరవాసులము గనుక మనకది ఆసక్తిగా ఉండాలి. దాని పొడవు తొమ్మిది మూరలు, వెడల్పు నాలుగు మూరలు. మూర అంటే ఇంచుమించు అడుగున్నర. అంటే వెడల్పు ఆరడుగులు, నేటి మన పెద్ద డబుల్ కాట్ అంత! కాని ఆ మంచము మీద అతడు సుఖముగా నిద్రించెనని ఎక్కడా వ్రాయబడలేదు. నూట ఇరువది ఏడు సంస్థానములను ఏలిన అహష్వేరోషుకు ఒక రాత్రి నిద్ర పట్టలేదని ఎస్తేరు గ్రంథము చెబుతుంది. ఖరీదైన పానుపు నిద్రను కొనిపెట్టలేదు. నిద్ర దేవుని ఈవి అని 127వ కీర్తన మనకు నేర్పుతుంది.

అలాగని శరీరమును నిర్లక్ష్యము చేయమని వాక్యము చెప్పదు. 1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు అతనికి మొదట ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చాడు, భోజనము పెట్టించాడు, మరల నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతనే హోరేబు ప్రయాణము, ఆ తరువాతనే మాట. అలసిన మనిషికి ముందుగా కావలసినది ఏమిటో సృష్టికర్తకు తెలుసు. మీ ఇంటిలో అలసిన మనిషి ఎవరో మీకు తెలుసునా?

గట్టిదా, మెత్తనిదా?

నడుము నొప్పి వస్తే చెక్క బల్ల మీద పడుకోమని, నేల మీద చాప వేసుకోమని మన ఇళ్లలో సలహా చెబుతారు. ఈ సంగతి పరీక్షించి చూసినవారున్నారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ దేశపు పరిశోధన ఒకటి ప్రచురితమైంది. చాలాకాలముగా నడుము నొప్పితో బాధపడుతున్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థపు గట్టిదనము గల పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యస్థపు పరుపు వాడినవారికే నొప్పి, ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. కనుక గట్టి పరుపే వైద్యము అనుకొని భార్యను గాని, భర్తను గాని రాతి మీద పడుకోబెట్టనవసరం లేదు. పరుపు మీద "ఆర్థోపెడిక్" అని ముద్రించినంత మాత్రాన మీ నడుమును వైద్యుడు పరీక్షించినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి.

దుకాణములో దొరికే రకములను క్లుప్తముగా చెబుతాము.

దూది పరుపు మన తాతల నాటిది. చెమట పీల్చుకుంటుంది, వేసవిలో హాయి. అయితే కొన్నాళ్లకు దూది గడ్డ కట్టి, బరువైన మనిషి వైపు పల్లము పడుతుంది. అప్పుడు విప్పి మరల దూది ఏకించాలి. సముద్రపు తేమ గల మన ఊరిలో తరచు ఎండలో వేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వాన నీటిని పడక గదులలోకి తెచ్చినప్పుడు పరుపులు మేడ మీద ఆరవేసుకున్నవారికి తేమ ఎంత శత్రువో తెలుసు.

కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది, ప్రక్క మనిషి కదిలినా పెద్దగా ఊగదు. వెల్లకిల పడుకునేవారికి, బరువు ఎక్కువ గలవారికి అనుకూలము. ప్రక్కకు పడుకునేవారికి భుజము, తుంటి నొక్కుకుపోవచ్చు. పైన రెండంగుళాల మెత్తని పొర వేస్తే ఆ బాధ తగ్గుతుంది.

ఫోమ్ పరుపులో చేతికి తగిలే మెత్తదనము కాదు, సాంద్రత ముఖ్యము. సాంద్రత తక్కువైనది త్వరగా కుంగుతుంది. మెమరీ ఫోమ్ ఒంటికి తగినట్టు వంగి, ప్రక్కవారి కదలికను మింగేస్తుంది. కాని ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. ఆవిర్లతో బాధపడే స్త్రీకి మన ఉక్కపోతలో అది తగినది కాకపోవచ్చు. రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ పరుపు మెత్తగా ఉండి కూడా మనిషిని పైకి నిలుపుతుంది. అయితే బరువెక్కువ, ధర ఎక్కువ.

స్ప్రింగు పరుపులలో రెండు రకములు. పాత రకములో స్ప్రింగులన్నీ ఒకదానికొకటి తీగతో కట్టి ఉంటాయి. ఒకరు ఒత్తిగిలితే రెండవవారు పడవలో ఉన్నట్టు ఊగుతారు. పాకెట్ స్ప్రింగు పరుపులో ప్రతి స్ప్రింగు వేరు గుడ్డ సంచిలో ఉంటుంది గనుక ఆ ఊపు తక్కువ. రాత్రి రెండు గంటలకు లేచేవారు ఒకరు, చిన్న కదలికకే మేలుకొనేవారు ఒకరు ఉన్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది.

ఇద్దరూ కలిసి వెళ్లండి

భర్త ఒక్కడే దుకాణానికి వెళ్లి పరుపు ఆటో మీద వేయించుకు రావడం మన దగ్గర మామూలే. దయచేసి ఇద్దరూ వెళ్లండి. సిగ్గుపడకుండా ఇద్దరూ దాని మీద పడుకొని చూడండి. చేతితో నొక్కి చూస్తే తెలియదు. మీరు ఇంటిలో ఎలా పడుకుంటారో అలాగే, పది పదిహేను నిమిషములు పడుకోవాలి. వెల్లకిల పడుకున్నప్పుడు నడుము క్రింద అరచెయ్యి సులువుగా దూరిపోతే, అది ఆ మనిషికి మరీ గట్టిది. తుంటి కుంగిపోయి చెయ్యి అసలు దూరకపోతే మరీ మెత్తనిది. ప్రక్కకు తిరిగినప్పుడు వెన్ను తిన్నగా ఉన్నదా లేదా అనేది రెండవవారు నిలబడి చూసి చెప్పాలి. తరువాత ఒకరు పడుకొని ఉండగా రెండవవారు లేచి, మరల పడుకోవాలి. ఎంత ఊగినదో అప్పుడు తెలుస్తుంది.

ఇంత చేసినా ఇద్దరికీ ఒకటే కుదరకపోతే? రెండు కొనండి. ఆరడుగుల వెడల్పు మంచము మీద 36 అంగుళముల పరుపులు రెండు ప్రక్కప్రక్కనే పడతాయి. అయిదడుగుల మంచమైతే 30 అంగుళములవి రెండు. ఆయన వైపు పీచు, ఆమె వైపు మెత్తనిది. మందము మాత్రం సమానముగా ఉండాలి, లేకపోతే మధ్యలో మెట్టు ఏర్పడుతుంది. రెండింటిని కలిపి పట్టీ బిగించి, పైన ఒకే దుప్పటి పరచండి.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. "వేరు పరుపులా? వాళ్లిద్దరికీ పడటం లేదేమో" అని చూసినవారు అంటారేమోనన్న భయము. అత్తగారు ఏమనుకుంటారో, సంఘములో ఏమనుకుంటారో అని ఇరవై ఏళ్లు నొప్పిని దిగమింగే సహోదరీలు ఉన్నారు. మరికొందరు ఎవరికీ చెప్పకుండా అర్ధరాత్రి లేచి, హాలులో చాప వేసుకొని పడుకుంటారు. దానిని త్యాగమనుకుంటారు. ప్రియులారా, భర్తకు తెలియకుండా దాచిన నొప్పి త్యాగము కాదు, ఇద్దరి మధ్య గోడ. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము పానుపు పవిత్రముగా ఉండాలని బోధిస్తుంది. అది నమ్మకత్వమును గురించిన మాట గాని పరుపుల లెక్కను గురించినది కాదు. ఇద్దరు ఏకశరీరమగుట అంటే ఇద్దరి వెన్నెముకలు ఒకే కొలతలో ఉండటం కాదు. ఒకరి వెన్ను నొప్పి మరొకరికి నొప్పిగా తోచడం.

అయితే ఒక హెచ్చరిక. ప్రేమతో వేసుకున్న రెండవ పరుపు వేరు, కోపముతో వేసుకున్న రెండవ పరుపు వేరు. దంపతులు ఎడబాటుగా ఉండవలసి వస్తే అది ఉభయుల సమ్మతితో, కొంతకాలమే జరగాలని పౌలు 1 కొరింథీయులకు 7వ అధ్యాయములో చెప్పెను. సి షిఫ్టు వారములో ఆయన పగలు వేరు గదిలో చీకటి చేసుకొని పడుకోవచ్చు. మాటలు లేని వారమును మాత్రం షిఫ్టు పేరుతో కప్పిపెట్టకండి. అక్కడ మార్చవలసినది పరుపు కాదు.

పరుపు చేయలేనివి

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచే మనిషికి ఏ పరుపూ మందు కాదు. వైద్యునికి చూపించాలి. నడుము నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినా, మూత్రము మీద పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రార్థన చేద్దాం, వైద్యుని దగ్గరకూ వెళదాం. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

అప్పు కూడా నిద్రను పాడుచేస్తుంది. నెల వాయిదాలు కట్టలేక మేలుకొని ఉండేవానికి మెత్తని పరుపు దేనికి? ఉన్న పరుపును తిరగవేయడం, పల్లము పడిన దూది ఏకించడం, కిటికీకి మందపాటి తెర కట్టడం, ఆమె వైపు మాత్రమే మెత్తని పొర ఒకటి వేయడం, వీటితో సరిపోతే దేవునికి స్తోత్రము. సరిపోకపోతే, పండుగ బట్టల ఖర్చు కొంత తగ్గించి కూడబెట్టి కొనండి. పెద్ద కుమార్తె పెళ్లి దాకా ఆగవలసిన వస్తువు కాదు మీ భార్య నడుము.

తన మేలునే కాక ఎదుటివారి మేలును కూడా చూడమని ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక మనకు నేర్పుతుంది. ఈ మాటను ఆచరించడం ప్రారంభించడానికి పడక గది కంటే దగ్గర స్థలము ఏదున్నది? ఈ నెల కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత భర్త భార్యను, భార్య భర్తను ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాము: "నీకు రాత్రి నిద్ర సరిగా పడుతోందా?" జవాబు వచ్చేదాకా ఆగండి. "ఏదోలెండి" అంటే మరల అడగండి.

కాపాడువాడు కునుకడు, నిద్రపోడు గనుక మనము నిశ్చింతగా నిద్రించవచ్చు. షిఫ్టుకు వెళ్లేవారిని, ఇంట మేలుకొని ఎదురుచూచేవారిని ప్రభువు కాపాడి, మీ మంచమునకు సమాధానమును, మీ కన్నులకు నిద్రను అనుగ్రహించును గాక. ఆమేన్.